కుక్కపిల్లకి గోకుడు, పిల్లికి గుండ్రని మచ్చ: రెండూ ఒకే జబ్బా?

గట్టు మీద ఇల్లు (పర్లాకిమిడి)

ఇంట్లో 5 నెలల నాటు కుక్కపిల్ల ఉంది, బరువు 6 కిలోలు. మూడు వారాలుగా ఒకటే గోకుడు. రాత్రి మరీ ఎక్కువ. చెవుల అంచులు బూడిద రంగు పొక్కు కట్టాయి. మోచేతులు, పొట్ట కింద వెంట్రుకలు ఊడిపోయి ఎర్రగా ఉంది. వీపు మాత్రం బాగానే ఉంది. పశువుల మందుల షాపులో ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ అర మి.లీ. చర్మం కింద వేశారు. వారం రోజులు తగ్గినట్టే ఉండి మళ్ళీ మొదలైంది.

పిల్లి కూడా ఉంది, రెండేళ్ళది, 3 కిలోలు. దాని చెవి వెనక రూపాయి బిళ్ళంత గుండ్రని మచ్చ. వెంట్రుకలు విరిగిపోయినట్టున్నాయి, పొట్టు రాలుతోంది, కానీ గోక్కోదు. ఇంట్లో చిన్నపాపకి ముంజేతుల మీద, నడుము దగ్గర ఎర్రటి పొక్కులు. మెడ మీద వేరే ఒక గుండ్రని మచ్చ.

నోట్లు చూసే ఊదారంగు టార్చి పిల్లి మచ్చ మీద వేశాను, ఆకుపచ్చగా ఏమీ మెరవలేదు. అంటే తామర కాదనుకోవచ్చా? కుక్కకి, పిల్లికి ఒకే మందు పనిచేస్తుందా? పక్కింటివాళ్ళు వేపనూనె, జీడినూనె కలిపి రాయమంటున్నారు.

వంశధార పశువైద్యం (గుణుపురం)

జీడినూనె దగ్గరికి కూడా రానివ్వకండి. జీడిగింజ తొక్కలోంచి వచ్చే ఆ నూనె మనిషి చేతినే బొబ్బలెక్కిస్తుంది, పచ్చిగా ఉన్న చర్మం మీద పోస్తే కాలిన పుండే. కిరసనాయిలు, కాలిన ఇంజిన్ ఆయిలు కూడా అంతే. పిల్లి నాకి మింగుతుంది కాబట్టి దానికి ఇంకా ప్రమాదం.

మీరు రాసిన దాన్ని బట్టి ఇవి రెండు వేర్వేరు జబ్బులు కావచ్చు. ముందు కుక్క సంగతి చెప్తాను.

చెవి అంచు, మోచేయి, మడమ, పొట్ట కింద. వీపు వదిలేసి ఇక్కడే పట్టే గోకుడు గజ్జి, అంటే సార్కోప్టిస్ పురుగు, చేసే పని. దానికి తోడు ఇంట్లో మనిషికి పొక్కులు. ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడండి: చెవి కొసని చెవి మొదలుకి ఆనించి ఐదు సెకన్లు రుద్దండి. వెనక కాలు గాల్లో గోకుతున్నట్టు ఆడితే గజ్జి అనుమానం బాగా బలపడుతుంది. ఆడకపోతే గజ్జి లేదని మాత్రం కాదు.

ఆ తర్వాత చర్మం గీసి చూడడం. బ్లేడు మొండి వైపుకి లిక్విడ్ పారఫిన్ చుక్క రాసి, గోకి చెడగొట్టని పొక్కుల మీద, చెవి అంచున, మోచేతి మీద పలుచగా, కానీ వెడల్పుగా గీయాలి. ఒకే చోట కాదు, నాలుగైదు చోట్ల. గీసిందంతా స్లైడు మీద పరిచి, కవర్ గ్లాసు వేసి, కాంతి తగ్గించి, 4 నుంచి 10 రెట్ల లెన్సుతో మొత్తం చూడాలి. ఒక్క పురుగు కనబడినా, ఒక గుడ్డు కనబడినా చాలు, తేలిపోయినట్టే. గజ్జి ఉన్న కుక్కల్లో సగానికి పైగా వాటిలో గీతలో ఏమీ దొరకదు. అందుకని స్లైడు ఖాళీగా వచ్చినా, లక్షణాలు ఇంత స్పష్టంగా ఉంటే వైద్యం మొదలుపెట్టి చూస్తాం.

ఇదే సమయంలో డెమోడెక్స్ అనే ఇంకో చర్మపు పురుగు లేదని కూడా తేల్చుకోవాలి. దానికి గీత లోతుగా పడాలి. చర్మాన్ని వేళ్ళ మధ్య నొక్కి, సన్నగా రక్తం ఊరేదాకా గీయాలి, ఎందుకంటే ఆ పురుగు వెంట్రుక కుదురులో దాక్కుంటుంది. చూడ్డానికి చుట్టలా పొడుగ్గా ఉంటుంది. మొదట్లో అంత గోకుడు ఉండదు, ముఖం, ముందు కాళ్ళ మీద మచ్చలుగా మొదలవుతుంది, మనుషులకి అంటదు. చిన్న కుక్కపిల్లల్లో ఒకటి రెండు మచ్చలుగా ఉంటే చాలాసార్లు దానంతటదే పోతుంది. ఈ రెంటినీ కలగాపులగం చేసి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసేస్తారు కొందరు. గోకుడు రెండు రోజులు ఆగుతుంది, కానీ డెమోడెక్స్ అయితే అది ఒళ్ళంతా పాకుతుంది.

ఐవర్‌మెక్టిన్ లెక్క చూడండి. 1 శాతం ఇంజెక్షన్‌లో మి.లీ.కి 10 మి.గ్రా. ఉంటుంది. గజ్జికి కిలోకి 0.2 మి.గ్రా. చొప్పున 6 కిలోల పిల్లకి 1.2 మి.గ్రా., అంటే 0.12 మి.లీ. ఇన్సులిన్ వేసే 40 గీతల సిరంజిలో ఐదు గీతలు కూడా పూర్తిగా నిండదు. మీకు అర మి.లీ. వేశారు, అంటే నాలుగింతలు. నాటు కుక్క కాబట్టి తట్టుకుంది. కోలీ, షెట్లండ్ షీప్‌డాగ్ లాంటి జాతుల్లో ఒక జన్యులోపం వల్ల మందు మెదడులోకి దిగిపోతుంది: కంటిపాపలు విప్పారి, చొంగ కారి, తూలి, వణికి, స్పృహ తప్పుతాయి. అలాంటి రక్తం కలిసిన కుక్కలకి దీన్ని అసలు వాడకూడదు.

మళ్ళీ ఎందుకు వచ్చిందంటే, మందు గుడ్లని చంపదు. గుడ్డు పెద్ద పురుగు కావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. అందుకే 14 రోజుల తేడాతో రెండు మూడుసార్లు వేయాలి. ఒక్క డోసుతో ఆపేస్తే గుడ్ల నుంచి కొత్తవి వచ్చేస్తాయి.

ఇప్పుడైతే నేను ఇంజెక్షన్ కంటే మాత్రే ఎంచుకుంటాను. ఆఫోక్సొలనర్ కిలోకి కనీసం 2.5 మి.గ్రా. చొప్పున నెలకొకసారి, రెండు నెలలు. 8 వారాలు దాటి, 2 కిలోలకి పైబడిన కుక్కపిల్లకి ఇవ్వవచ్చు. 4 నుంచి 10 కిలోల మధ్య కుక్కకి 28.3 మి.గ్రా. మాత్ర వస్తుంది, మీ పిల్లకి అదే. పిడుదులూ పోతాయి. గతంలో ఫిట్స్ వచ్చిన కుక్క అయితే మాత్రం ముందే డాక్టరుకి చెప్పండి. మొదటి వారంలో గోకుడు పెరిగినట్టు అనిపించొచ్చు, చచ్చిన పురుగులకి చర్మం అలా స్పందిస్తుంది. పూర్తిగా తగ్గడానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు.

చీము పొక్కులు, గుండ్రంగా ఊడే పొర అంచులు కనబడితే బాక్టీరియా కూడా చేరినట్టు. 2 నుంచి 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ ఉన్న షాంపూ వారానికి రెండుసార్లు. నురుగు పట్టించి 10 నిమిషాలు ఉంచాలి. చాలామంది ఒక్క నిమిషంలో కడిగేసి, షాంపూ పనిచెయ్యలేదంటారు. ఆరబెట్టకుండా తడిగా వదిలేస్తే మన తీరంలో ఉండే ఉక్కపోతకి కొత్త పుండ్లు లేస్తాయి.

మందుల బీరువా (రాయగడ)

ఇంత మాత్ర ఖర్చు ఎందుకండీ, ఒంటి మీద పోసే పురుగులమందు అమిట్రాజ్ 12.5 శాతం సీసా ఒకటి కొంటే ఊళ్ళో కుక్కలన్నిటికీ సరిపోతుంది. లీటరు నీళ్ళకి 2 మి.లీ. కలిపి పోస్తే చాలు, గజ్జికి రెండు వారాలకోసారి మూడు సార్లు.

వంశధార పశువైద్యం (గుణుపురం)

లెక్క సరే, లీటరుకి 2 మి.లీ. అంటే 250 పీపీఎం (పది లక్షల వంతుల్లో 250) అవుతుంది. కానీ ఆ ఇంట్లో పిల్లి ఉంది. అమిట్రాజ్ తడి ఉన్న కుక్కని పిల్లి నాకితే మత్తు, నీరసం, వాంతులు, శరీరం చల్లబడడం. పిల్లికి అసలు వాడకూడని మందు. పైగా పుండ్లున్న చర్మం నుంచి ఎక్కువ లోపలికి పోతుంది. పోసేవాళ్ళకి చేతి తొడుగులు, గాలి ఆడే చోటు ఉండాలి. కలిపిన నీళ్ళు మర్నాటికి దాచకండి, అప్పటికప్పుడే వాడాలి. మధుమేహం ఉన్న కుక్కలకీ, మనిషికీ ఈ మందు మంచిది కాదు. ఈ ఇంటికి వద్దు.

పిల్లుల పక్షం (బరంపురం)

పిల్లి సంగతి నేను చెప్తాను. ఎక్కువమంది టార్చి నమ్మి మోసపోతారు. తామర పరీక్షకి వాడే అతినీల కాంతి దీపం, ఉడ్స్ దీపం, తరంగం పొడవు 365 నానోమీటర్లు. నోట్లు చూసే చౌక టార్చీలు చాలావరకు 395. దాంతో ఏదీ తేలదు. అసలు దీపంతో కూడా పిల్లుల్లో సాధారణంగా మెరిసేది మైక్రోస్పోరం కేనిస్ అనే తామర ఫంగస్ ఒక్కటే, అదీ అన్ని రకాలూ కాదు. ఆపిల్ పచ్చ రంగు వెంట్రుక కాడ మీద కనబడాలి. పొట్టు, ధూళి, ఇదివరకు రాసిన లేపనం, నూలుపోగులు తెల్లగా, నీలంగా మెరిసి మభ్యపెడతాయి. మెరిస్తే ఆ వెంట్రుక పీకి మైక్రోస్కోపు కింద చూడాలి. మెరవకపోతే, తామర లేదని దానితో చెప్పలేం.

చెయ్యాల్సింది: కొత్త టూత్‌బ్రష్ తీసుకుని ముందు మచ్చ లేని చోట, చివర మచ్చ మీద రెండు మూడు నిమిషాలు దువ్వండి. బ్రష్‌ని కాగితం కవర్లో పెట్టి పంపండి. ప్లాస్టిక్ కవర్లో తేమ పట్టి బూజు మొలుస్తుంది, ఫలితం పాడవుతుంది. ల్యాబులో ఫంగస్‌ని పెంచి చూస్తారు, దీన్నే కల్చర్ అంటారు. ఫంగస్ పెరిగితే ఎర్రబడే మాధ్యమం మీద అది రెండు వారాల్లోపు పెరుగుతుంది, కానీ ఎరుపు ఒక్కటే చాలదు. ఎదిగిన ఫంగస్‌ని కూడా మైక్రోస్కోపులో చూసి నిర్ధారించాలి. భువనేశ్వర్ వెటర్నరీ కాలేజీ గానీ, గరివిడి కాలేజీ గానీ మీకు అందుబాటు. ముందు ఫోన్ చేసి కల్చర్ చేస్తారో లేదో కనుక్కోండి.

మందు: ఇట్రాకొనజోల్ కిలోకి 5 మి.గ్రా. రోజుకి ఒకసారి, వారం ఇచ్చి వారం ఆపి, మూడు విడతలు. 3 కిలోల పిల్లికి 15 మి.గ్రా., అంటే 10 మి.గ్రా./మి.లీ. ద్రావకం 1.5 మి.లీ. మనుషుల 100 మి.గ్రా. క్యాప్సూల్ విప్పి గింజలు లెక్కపెట్టి ఇవ్వడం జూదమే, ఒకరోజు తక్కువ, ఒకరోజు ఎక్కువ. అన్నం మానేసినా, వాంతులైనా, కళ్ళు పచ్చబడినా వెంటనే ఆపి రక్తపరీక్ష చేయించండి, మందు కాలేయం మీద పడుతుంది. కడుపుతో ఉన్న పిల్లికి ఇవ్వకండి. దీంతోపాటు క్లోర్‌హెక్సిడిన్, మైకొనజోల్ 2 శాతం చొప్పున కలిసిన షాంపూ వారానికి రెండుసార్లు. మచ్చ తగ్గగానే ఆపొద్దు. రెండు కల్చర్లు వరసగా ఖాళీగా వచ్చేదాకా కొనసాగించాలి.

ఇంట్లో పెర్మెత్రిన్ ఉన్న కుక్కల చుక్కలమందు ఏదన్నా ఉంటే పిల్లికి దూరంగా పెట్టండి. అది పిల్లిని వణికించి, ఫిట్స్ తెప్పించి చంపుతుంది. ఫినాయిల్, బెంజైల్ బెంజోయేట్ కూడా పిల్లికి విషమే.

గట్టు మీద ఇల్లు (పర్లాకిమిడి)

చెవి రుద్దితే కాలు గట్టిగా ఆడింది. డెమోడెక్స్ లేదని చర్మం గీసి చూసి చెప్పారు, స్లైడులో గజ్జి పురుగు మాత్రం కనబడలేదు. మాత్ర మొదలెట్టాం. పాపకి ఏం చెయ్యాలి? ఇల్లు ఎలా శుభ్రం చెయ్యాలి? పాప మెడ మీద మచ్చకి మూడు మందులు కలిపిన క్రీము ఇచ్చారు షాపులో.

వంశధార పశువైద్యం (గుణుపురం)

ఆ క్రీము ఆపండి. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. తామర మీద స్టెరాయిడ్ పడితే ఎరుపు తగ్గి అంచులు చెదిరిపోయి, లోపల పాకుతుంది. ఆ తర్వాత చర్మం డాక్టరుకి కూడా పోల్చుకోవడం కష్టం. చర్మం డాక్టరుకి చూపించి, ఇంట్లో పిల్లికి తామర అనుమానం, కుక్కకి గజ్జి అనుమానం అని ముందే చెప్పండి. ముంజేతుల పొక్కులు కుక్క గజ్జి పురుగు కుట్టినవై ఉంటాయి. అది మనిషి మీద స్థిరపడదు, కుక్క బాగుపడితే కొన్ని వారాల్లో అవే పోతాయి. మెడ మచ్చ పిల్లి దగ్గర్నించి వచ్చినదై ఉంటుంది, దానికి ప్రత్యేకంగా మందు కావాలి. ఒక పాప మీద రెండు జబ్బులు అలా విడివిడిగా ఉండడం ఆశ్చర్యమేమీ కాదు.

గజ్జి పురుగు కుక్క మీంచి దిగితే ఎక్కువ కాలం బతకదు, మన వేడిలో కొద్దిరోజులే. కుక్క పడుకునే గోనె, గుడ్డలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరబెట్టండి. ఊళ్ళో కుక్కలతో ఆడించడం రెండు నెలలు ఆపండి, లేకపోతే మళ్ళీ తెచ్చుకుంటుంది.

తామర బీజాలు వెంట్రుకలకి, పొట్టుకి అంటుకుని నెలల తరబడి ఉంటాయి, అయితే ఇంట్లో వాటంతటవి పెరగవు. అందువల్ల ముఖ్యమైన పని ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి వెంట్రుకలు ఎత్తేయడం. ఆ తర్వాతే బ్లీచింగ్ ద్రావకం. ఇంటి బ్లీచ్ ఒక వంతుకి నీళ్ళు 100 వంతులు కలిపి, 10 నిమిషాలు తడిగా ఉంచాలి. ముందు మురికి తీయకుండా పోస్తే వృథా. ఫినాయిల్, ఆసిడ్ ఏదీ అందులో కలపొద్దు, విషవాయువు వస్తుంది. తుడవడానికి సులువైన ఒక గదిలో పిల్లిని పెట్టండి, పాప పడుకునే గదిలో వద్దు.

పిల్లుల పక్షం (బరంపురం)

ఒక్కటి చేర్చాలి. కుక్కపిల్లని కూడా బ్రష్‌తో దువ్వి, పిల్లిది ఒక కవర్లో, దానిది వేరే కవర్లో పంపండి. పైకి మచ్చ లేకపోయినా వెంట్రుకల మీద బీజాలు మోస్తూ ఉండొచ్చు. పిల్లిదొక్కటే పంపి అది ఖాళీగా వచ్చిందని మందు ఆపేస్తే, కుక్క నుంచి అంటుకుని మచ్చ మళ్ళీ లేవొచ్చు.