ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో 2024-25 ప్రీమియర్ లీగ్ ఆఖరి రోజు అయిపోయింది. ఎవరికి ఏం మిగిలింది?

గన్నర్_హన్మకొండ
మా ఆర్సెనల్‌కి వరసగా మూడో ఏడు కూడా రెండో స్థానమే. 2023లో 84 పాయింట్లు, 2024లో 89, ఇప్పుడు 74. ముందు రెండుసార్లూ టైటిల్ మాంచెస్టర్ సిటీ ఎత్తుకుపోయింది, ఈసారి లివర్‌పూల్. నిన్న సౌతాంప్టన్ మీద 89వ నిమిషంలో ఒడెగార్డ్ గెలుపు గోల్ కొడితే కుర్చీలోంచి లేవబుద్ధి కూడా కాలేదు. 38 మ్యాచ్‌ల్లో ఓడింది నాలుగే, డ్రాలు మాత్రం 14. సరైన స్ట్రైకర్ లేకుండానే సీజన్ లాగించారు. ఉన్న హావర్ట్‌జ్ కూడా ఫిబ్రవరిలో గాయంతో కూర్చున్నాడు. 2004 తర్వాత మాకు లీగ్ టైటిల్ లేదు. నేను చూడటం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

రెండు విషయాలు అడుగుతున్నా. మూడేళ్ళు రెండో స్థానం అంటే జట్టు ఎదుగుతున్నట్టా, అక్కడే ఆగిపోయినట్టా? ఇంకోటి, ఆఖరి రోజు పది మ్యాచ్‌లూ మన టైం రాత్రి 8:30కి ఒకేసారి మొదలవుతాయి కదా, హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో అందరం కలిసి చూసే చోటు ఎవరికైనా తెలుసా?

కాప్_ఖమ్మం
తమ్ముడూ, నాలుగు ఓడామని బాధపడుతున్నావు. 2018-19లో మా లివర్‌పూల్ ఓడింది ఒక్కటే. మాకు 97 పాయింట్లు, సిటీకి 98. ఆ ఒక్క ఓటమీ సిటీ గ్రౌండ్‌లోనే. బంతి పూర్తిగా గీత దాటడానికి 11.7 మిల్లీమీటర్లు తక్కువైంది, సిటీ డిఫెండర్ స్టోన్స్ బయటికి తన్నేశాడు. 2022లో మళ్ళీ ఒక్క పాయింటే తేడా. ఆఖరి రోజు సిటీ ఆస్టన్ విల్లా చేతిలో 0-2 వెనకబడితే ఇక మాదే అనుకున్నాం. సిటీ తరఫున గుండోగన్ దిగాడు. ఆరు నిమిషాల లోపే మూడు గోల్స్. 2014లో మా కెప్టెన్ జెరార్డ్ కాలు జారిన సంగతి నేను మాట్లాడను, ఎవరూ ఎత్తకండి కూడా.

ఈసారి ఏప్రిల్ 27న స్పర్స్‌ని (టాటెన్‌హామ్) 5-1 కొట్టి టైటిల్ ఖాయం చేసుకున్నాం. 2020లో గెలిచినప్పుడు కోవిడ్, ఖాళీ స్టేడియంలో కప్పు ఎత్తారు. మా గ్రౌండ్ యాన్‌ఫీల్డ్‌లో నిండు జనం మధ్య లీగ్ గెలవడం 1990 తర్వాత ఇదే. 20వ టైటిల్, మాంచెస్టర్ యునైటెడ్‌తో సమానం. ఆ రాత్రి మా నాన్నని కూడా లేపి కూర్చోబెట్టాను.

విల్లా_విజయనగరం
మీకు టైటిళ్ళ గొడవ. యూరప్‌లో పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్‌కి వెళ్ళడానికి మా ఆస్టన్ విల్లాకి నిన్న ఒక్క డ్రా చాలు. న్యూకాసిల్ సొంత గ్రౌండ్‌లో ఎవర్టన్ చేతిలో 0-1తో ఓడిపోతోంది. మేం మాంచెస్టర్ యునైటెడ్ గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఫస్టాఫ్ చివరి నుంచి పది మందితోనే ఆడుతున్నాం, మా కీపర్ మార్టినెజ్‌కి రెడ్ కార్డ్. అయినా 73వ నిమిషం దాకా 0-0. అప్పుడు యునైటెడ్ కీపర్ బాయిందిర్ బంతి సరిగ్గా పట్టలేకపోయాడు, మా మోర్గన్ రోజర్స్ కాలితో లాక్కుని ఖాళీ గోల్‌లోకి కొట్టాడు. బంతి లోపలికి వెళ్ళకముందే రిఫరీ విజిల్ ఊదేశాడు!

ఇంట్లో టీవీ మా మామగారి చేతిలో ఉంది. సన్‌రైజర్స్ 278 కొట్టారు, కోల్‌కతా వికెట్లు పడుతున్నాయి, హాల్లో ఒకటే కేకలు. నేను వంటగదిలో నిలబడి ఫోన్‌లో చూస్తున్నా. రోజర్స్ రెండు చేతులూ చాచి రిఫరీ వైపు తిరిగి అడుగుతున్నాడు. స్క్రీన్ మీద స్కోరు మాత్రం 0-0 నుంచి కదల్లేదు. మూడు నిమిషాలకి యునైటెడ్ తరఫున అమాద్ గోల్, తర్వాత ఎరిక్సన్ పెనాల్టీ. మాకూ 66, న్యూకాసిల్‌కీ 66. గోల్ తేడా వాళ్ళది 21, మాది 7. ఛాంపియన్స్ లీగ్ పోయింది.

రిఫరీ_కడప
నేను జిల్లా టోర్నమెంట్లలో విజిల్ పట్టుకుని ఏళ్ళు గడిపినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. కీపర్ రెండు చేతుల మధ్య బంతి ఉన్నా, ఒక చేతికీ నేలకీ మధ్య ఉన్నా అతని అదుపులో ఉన్నట్టే. అప్పుడు కాలు పెడితే ఫౌల్. ఇక వీఏఆర్ (వీడియో రిఫరీ) ఎందుకు చూడలేదని అందరూ గోల చేస్తున్నారు. బంతి గీత దాటేలోపు విజిల్ మోగితే ఆట అక్కడితో ఆగిపోయినట్టు. ఆగిపోయిన ఆటలో గోల్ ఉండదు, వీఏఆర్ చూడటానికీ ఏమీ ఉండదు. గ్రౌండ్‌లో నిలబడని వాళ్ళు రూలు పుస్తకం చదివి మాట్లాడాలి.

విల్లా_విజయనగరం
రూలు నాకూ తెలుసు మాస్టారూ. అందుకే విజిల్ ఆలస్యంగా ఊదాలని రిఫరీలకు నేర్పుతున్నారు కదా! ఆఫ్‌సైడ్ అయితే జెండా ఎత్తకుండా ఆగుతారు, ఇక్కడ ఒక్క సెకను ఆగలేకపోయాడా? రీప్లేలో బాయిందిర్ రెండో చెయ్యి ఎక్కడుందో చూసి అప్పుడు చెప్పండి.

స్పర్స్_సామర్లకోట
లీగ్‌లో 17వ స్థానం, నిన్న ఇంటి దగ్గర బ్రైటన్ చేతిలో 1-4. నాకు ఏ బాధా లేదు. బుధవారం రాత్రి బిల్బావోలో యూరోపా లీగ్ కప్పు గెలిచాం. 2008 తర్వాత మొదటి ట్రోఫీ. పదిహేడేళ్ళు అందరి చేతా మాటలు పడ్డాం. రెండో సీజన్‌లో కప్పు గెలుస్తానని కోచ్ పోస్టెకోగ్లూ అంటే అందరూ వెక్కిరించారు, ఆయన గెలిచి చూపించాడు.

ఎర్రదెయ్యం_ఏలూరు
ఆ ఫైనల్లో ఓడింది మా మాంచెస్టర్ యునైటెడే. లీగ్‌లో 15వ స్థానం, 42 పాయింట్లు, వచ్చే ఏడాది యూరప్‌లో ఎక్కడా లేం. నిన్న విల్లాని గెలిచి ఏం లాభం. నాకు ఇంతకంటే రాయాలని లేదు.

షెఫీల్డ్_నర్సు
ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అంటే ప్రీమియర్ లీగ్ ఒక్కటే అనుకుంటున్నారు అందరూ. మొన్న శనివారం వెంబ్లీలో ఏం జరిగిందో ఒక్కరూ ఎత్తలేదు. నేను షెఫీల్డ్‌లో ఉంటాను. నైట్ డ్యూటీ దిగి, నిద్రపోకుండా ప్లే-ఆఫ్ ఫైనల్ చూశాను, కింది లీగ్ నుంచి ప్రీమియర్ లీగ్‌కి వెళ్ళే ఆఖరి చోటు కోసం ఆడేది. క్యాంప్‌బెల్ గోల్‌తో మా షెఫీల్డ్ యునైటెడ్ సండర్లాండ్ మీద 1-0. తర్వాత బరోస్ రెండోది కొట్టాడు. వార్డు గ్రూపులో అందరం ప్రీమియర్ లీగ్ అని రాసేసుకున్నాం. రిఫరీ స్క్రీన్ దగ్గరికి వెళ్ళాడు. మా సౌజా ఆఫ్‌సైడ్‌లో ఉండి కీపర్ చూపుకి అడ్డం వచ్చాడని గోల్ రద్దు. మా లీగ్ ఛాంపియన్‌షిప్‌లో ఏడాదంతా వీఏఆర్ లేదు, ఆ ఒక్క మ్యాచ్‌కి తెచ్చిపెట్టారు. 76వ నిమిషంలో సండర్లాండ్ మయెండా సమం చేశాడు, 95వ నిమిషంలో వాళ్ళ వాట్సన్ ముగించాడు.

లీగ్‌లో మాకు 90 పాయింట్లు, అదీ రెండు పాయింట్లు కోత పడ్డాక. సండర్లాండ్‌కి 76. పద్నాలుగు పాయింట్లు తక్కువున్న జట్టు పైకి వెళ్ళింది, మేం ఇక్కడే ఉండిపోయాం. ఇదేం న్యాయం?

రోకర్_రాజమండ్రి
అక్కా, ప్లే-ఆఫ్‌లు 1987 నుంచి ఉన్నాయి. మూడు నుంచి ఆరో స్థానం దాకా ఎవరైనా పైకి రావచ్చని ఆగస్టులో అందరికీ తెలుసు. నేను సండర్లాండ్‌లో చదువుకున్నాను. జట్టు 2017లో ప్రీమియర్ లీగ్ నుంచి పడింది, మరుసటి ఏడే ఛాంపియన్‌షిప్ నుంచి కూడా పడింది. నాలుగు సీజన్లు మూడో మెట్టు లీగ్ వన్‌లో. 2019లో ఇదే వెంబ్లీలో చార్ల్టన్ మాకు 94వ నిమిషంలో గోల్ కొట్టింది. అప్పుడు మాకు ఎవరూ న్యాయం గురించి చెప్పలేదు. ఈసారి సెమీస్‌లో బాలర్డ్ 122వ నిమిషంలో తలతో కొట్టినప్పుడు నేను ఏడ్చాను. ఆ గెలుపుని దొంగ గెలుపులా మాట్లాడకండి.

షెఫీల్డ్_నర్సు
దొంగతనం అని నేను అనలేదు. లీగ్ ఆఖరి ఐదు మ్యాచ్‌లూ ఓడిపోయి ప్లే-ఆఫ్‌లోకి వచ్చిన జట్టుకీ, సెమీస్‌లో బ్రిస్టల్ సిటీని 6-0తో దాటిన జట్టుకీ ఒకే బరువు ఎలా ఇస్తారని అడిగాను.

రోకర్_రాజమండ్రి
ఏప్రిల్‌లో మీరు ఆక్స్‌ఫర్డ్, మిల్‌వాల్, ప్లిమత్ చేతిలో వరసపెట్టి ఓడారు. ప్లిమత్ అయితే కింది లీగ్‌కి పోయిన జట్టు. మొదటి రెండు స్థానాల్లో నిలిచి నేరుగా వెళ్ళే దారి మీ చేతిలోనే ఉండింది.

షెఫీల్డ్_నర్సు
ఆ మూడూ గెలిచినా 99 అయ్యేది. లీడ్స్‌కీ బర్న్‌లీకీ చెరో 100. 99తో కూడా మూడో స్థానమే, మళ్ళీ ఈ లాటరీనే! ఏడాదంతా ఫస్టు మార్కులు తెచ్చుకున్న పిల్లని చివర్లో ఒక్క స్లిప్ టెస్టు పెట్టి ఫెయిల్ చేసినట్టుంది. మా క్లబ్ ప్లే-ఆఫ్‌లు ఆడిన ప్రతిసారీ ఓడింది. 1997లో పాలెస్, 2003లో వుల్వ్స్, 2009లో బర్న్‌లీ, 2012లో హడర్స్‌ఫీల్డ్ పెనాల్టీల్లో, ఇప్పుడు మీరు. ఇవి ఫైనల్స్ మాత్రమే. మీ లీగ్ వన్ కష్టం నాకు తెలుసు, మేమూ అక్కడ ఆరేళ్ళు ఉన్నాం. మీరు పడ్డ బాధ మేం పడలేదన్నట్టు మాట్లాడకండి.

కవర్‌డ్రైవ్_కర్నూలు
ఐపీఎల్ దీన్ని ఎప్పుడో సరిచేసింది. టేబుల్‌లో మొదటి రెండు జట్లకీ క్వాలిఫయర్ ఓడినా ఇంకో అవకాశం ఉంటుంది. ఏడాది కష్టానికి అదీ విలువ. ఇంగ్లండ్‌లో మూడో స్థానానికి దక్కేది సెమీస్ రెండో మ్యాచ్ ఇంటి దగ్గర ఆడటం, అంతే.

రోకర్_రాజమండ్రి
పది జట్ల టోర్నమెంటుని, 46 మ్యాచ్‌ల లీగ్‌నీ ఒకే గాట కట్టకండి భయ్యా. ప్లే-ఆఫ్ లేకపోతే మార్చి నుంచి సగం లీగ్‌కి ఆడటానికి ఏమీ మిగలదు.

ఈవుడ్_ఏలూరు
ఆ సగం లీగ్ మేమే. బ్లాక్‌బర్న్ గురించి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతున్నా. ఈసారి 66 పాయింట్లు, ఏడో స్థానం. ఆరో స్థానం బ్రిస్టల్ సిటీకి 68. ఆఖరి రోజు మేం ఆడింది ఎక్కడో తెలుసా నర్సు గారూ? మీ బ్రామల్ లేన్‌లోనే, 1-1. మీకు ఆ మ్యాచ్‌తో పనే లేదు, మాకు అదే ప్రాణం.

2023లో ఇంకా దారుణం. మిల్‌వాల్‌లో 1-3తో వెనకబడి 4-3 గెలిచాం. అటు సండర్లాండ్ ప్రెస్టన్‌ని 3-0 కొట్టింది. ఇద్దరికీ 69, గోల్ తేడాతో వాళ్ళు ఆరు, మేం ఏడు. రోకర్ భయ్యా, నీ జట్టు అంటే నాకు అప్పటి నుంచీ పడదు. 2017లో బ్రెంట్‌ఫర్డ్‌లో 3-1 గెలిచి కూడా గోల్ తేడాతోనే లీగ్ వన్‌కి పడిపోయాం. గెలిచిన రోజే పడిపోవడం ఎలా ఉంటుందో అనుభవించిన వాళ్ళకే తెలుసు.

కవర్‌డ్రైవ్_కర్నూలు
బ్లాక్‌బర్న్ అంటే వెంకీస్ వాళ్ళది కదా! 1971లో హైదరాబాద్‌లో బి.వి. రావు గారు మొదలుపెట్టిన హేచరీస్ కంపెనీ పెరిగి ఇంగ్లండ్ క్లబ్ కొనే స్థాయికి వెళ్ళింది. మనం గర్వపడాలి.

ఈవుడ్_ఏలూరు
రావు గారి మీద నాకూ గౌరవమే. కోళ్ళ పరిశ్రమలో ఆయన చేసింది ఎవరూ కాదనలేరు. కానీ ఆయన పోయిన చాలా ఏళ్ళకి, 2010 నవంబర్‌లో క్లబ్ కొన్నారు. డిసెంబర్‌లో మేనేజర్ అలర్‌డైస్‌ని తీసేశారు. 2012 మే 7న విగన్ చేతిలో ఓడి ప్రీమియర్ లీగ్ నుంచి పోయాం. ఆ రోజు జనం రోవర్స్ జెండా కప్పిన కోడిని గ్రౌండ్‌లోకి వదిలారు. 1995లో ఛాంపియన్లయిన క్లబ్ ఇది. మా స్ట్రైకర్ షియరర్ ఆ సీజన్‌లో 34 లీగ్ గోల్స్ కొట్టాడు. గర్వం సంగతి మా గ్రౌండ్ ఈవుడ్ పార్క్‌లో ఖాళీ సీట్ల ముందు నిలబడి మాట్లాడండి.

కవర్‌డ్రైవ్_కర్నూలు
ఏటా నష్టాలు భరిస్తూ డబ్బు పెడుతున్నది వాళ్ళే కదా. పెట్టకపోతే క్లబ్ ఉండేదా? మనవాళ్ళు అనగానే తిట్టడం ఒక అలవాటైపోయింది.

ఈవుడ్_ఏలూరు
నష్టాలు భరించడం వేరు, క్లబ్‌ని పట్టించుకోవడం వేరు. ఫిబ్రవరిలో ఐదో స్థానంలో ఉన్నప్పుడు కోచ్ యూస్టస్ మమ్మల్ని వదిలి కింది లీగ్‌కి పడిపోయే స్థానాల్లో కొట్టుకుంటున్న డెర్బీ క్లబ్‌కి వెళ్ళాడు. ఏ కోచ్ అయినా అలా ఎందుకు వెళతాడో ఆలోచించండి. మనవాళ్ళు కాబట్టే నాకు మంట ఎక్కువ.

గన్నర్_హన్మకొండ
అన్నలూ, నేను అడిగింది ఒక్కరూ చెప్పలేదు. అందరం కలిసి చూసే చోటు?

కాప్_ఖమ్మం
ఈవుడ్ భయ్యా, 1995 మే 14న మీరు టైటిల్ గెలిచింది మా యాన్‌ఫీల్డ్‌లోనే. మేం 2-1తో గెలిచాం, అయినా యునైటెడ్ వెస్ట్‌హామ్‌లో 1-1 డ్రా చేసుకోవడంతో కప్పు మీకు. మా పాత హీరో డాల్గ్లిష్ మీ మేనేజర్ కాబట్టి ఆ రోజు మావాళ్ళు కూడా సంతోషపడ్డారు. ఓడిపోయి టైటిల్ గెలిచిన రోజు మీకుంది, 97 పాయింట్లతో ఓడిపోయిన రోజు మాకుంది.

విల్లా_విజయనగరం
కడప మాస్టారు మళ్ళీ కనిపించలేదు. రెండో చెయ్యి చూశారా?

రిఫరీ_కడప
చూశాను. రెండో చెయ్యి బంతి మీద లేదు, ఒక చేతికీ నేలకీ మధ్య కూడా ఆగలేదు. కానీ రిఫరీ నిలబడ్డ చోటు నుంచి కీపర్ ఒళ్ళు అడ్డం ఉంది. అతను చూసింది చూసినట్టు ఊదాడు.

విల్లా_విజయనగరం
కనపడనప్పుడు ఎందుకు ఊదాలి?

షెఫీల్డ్_నర్సు
గన్నర్, హైదరాబాద్ సంగతి నాకు తెలియదు. రోకర్, ఒక్క మాట. గత రెండేళ్ళుగా పైకి వచ్చిన మూడేసి జట్లూ వచ్చిన ఏడే కిందికి పోయాయి. మొదటి ఏడాది మేమూ ఉన్నాం వాటిలో. ఈసారి సౌతాంప్టన్‌కి దక్కింది 12 పాయింట్లు. వాట్సన్ కూడా బ్రైటన్‌కి వెళ్ళిపోతున్నాడు, ఆ గోల్ కొట్టేనాటికే సంతకాలు అయిపోయాయి. కొత్త స్ట్రైకర్‌ని చూసుకోండి ముందు.

రోకర్_రాజమండ్రి
చూసుకుంటాం. స్టేడియం ఆఫ్ లైట్‌లో న్యూకాసిల్‌తో లీగ్ మ్యాచ్ మళ్ళీ ఆడబోతున్నాం, ఎన్ని పాయింట్లు వచ్చినా సరే. జూన్‌లో మ్యాచ్‌ల తేదీలు రాగానే ఆ మ్యాచ్ తేదీ ఇక్కడ పెడతాను. గన్నర్ తమ్ముడూ, ఆ రోజు నేను హైదరాబాద్ వస్తాను, చోటు నువ్వే చూడు. ఎవరెవరు వస్తారో కింద పేరు రాయండి.