బడికి 2 లక్షలున్నాయి: స్మార్ట్ టీవీ కొనాలా, వలంటీరును పెట్టాలా?

దేవరకొండ పూర్వ విద్యార్థి:
మా ఊరి ప్రాథమిక పాఠశాల కోసం అక్కడ చదువుకున్నవాళ్లం 2 లక్షలు పోగుచేశాం. ఐదు తరగతులూ కలిపి 38 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. అందులో ఒకరిని తరచూ వేరే బడికి సర్దుబాటు చేస్తుంటారు. గ్రూపులో సగం మంది పెద్ద స్మార్ట్ టీవీ, ఇన్వర్టర్ కొందామంటున్నారు. ఊళ్లో డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయిని వలంటీరుగా పెట్టి, పాఠాల కార్డులు, కథల పుస్తకాలు కొందామని నా పట్టు. ఎటూ తేలడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

విజయ్, డాలస్:
అన్నా, నేను టీవీ వైపే. సోకు కోసం కాదు. పిల్లలు తగ్గిపోతే రేపు ఆ బడి ఉంటుందా? ప్రైవేటు స్కూలు బస్సు ఊళ్లోకి వచ్చి, ఇంగ్లీషు, డిజిటల్ క్లాసు అని చెప్పి పిల్లల్ని ఎక్కించుకుపోతోంది. బడి మూతపడితే నష్టపోయేది ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలే. టీవీ కంటికి కనిపిస్తుంది, తల్లిదండ్రులకు నమ్మకం కుదురుతుంది. డబ్బులు అయిపోతే వలంటీరు వెళ్లిపోతుంది, టీవీ ఉంటుంది.

రిటైర్డ్ టీచర్, మదనపల్లె:
విజయ్ బాబూ, మీ భయం నిజమైనదే. కానీ ఐదు తరగతులూ ఒకే గదిలో ఉంటే టీవీలో ఎవరి పాఠం పెడతారు? మూడో తరగతిది పెడితే ఒకటో తరగతి పిల్లలు బొమ్మలు చూసి ఊరుకుంటారు, ఐదో తరగతి వాళ్లు గోల చేస్తారు.

మా దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం వాళ్లు ఇలాంటి బడుల కోసమే కార్డుల పద్ధతి తయారుచేశారు. పాఠాలను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టారు. గోడమీద నిచ్చెన పటం ఉంటుంది. తను ఏ మెట్టు మీద ఉందో పిల్లకే తెలుస్తుంది, తన కార్డు తనే వెతికి తెచ్చుకుంటుంది. కొత్తది నేర్చుకునేవాళ్లు టీచర్ దగ్గర, సాధన చేసేవాళ్లు తోటి పిల్లలతో, వచ్చేసినవాళ్లు సొంతంగా కూర్చుంటారు. మీ వైపు పత్తి ఏరే రోజుల్లో కొందరు బడికి రారు కదా? తిరిగొచ్చాక ఆగిన మెట్టు నుంచే మొదలుపెట్టొచ్చు. పాఠం దాటిపోయిందన్న బెంగతోనే బడి వదిలేసిన పిల్లల్ని ఎంతమందినో చూశాను, అందుకే ఈ పద్ధతి మీద నాకింత ఇష్టం. 1995లో ఇదే పద్ధతి కర్ణాటకలో మైసూరు జిల్లా హెచ్.డి. కోటెలో 'నలి కలి' పేరుతో మొదలైంది, 2003లో చెన్నై కార్పొరేషన్ బడులకూ చేరింది.

ఎస్‌జీటీ, ఖమ్మం జిల్లా:
మాస్టారూ, నమస్కారం. మీ మాట కాదనను. కానీ కార్డులు కొనేస్తే పని అయిపోదు, వలంటీరును పెట్టినా అంతే. బీహార్, ఉత్తరాఖండ్‌లలో పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ టీచర్లకు సామగ్రి, శిక్షణ ఇచ్చింది. అవి మాత్రమే ఇచ్చినచోట చదువు మెరుగుపడలేదు. తర్వాత వలంటీర్లను చేర్చారు. ఉత్తరాఖండ్‌లో వాళ్లను బడిలో టీచర్లకు సహాయకులుగా వాడుకున్నారు, ఫలితం రాలేదు. బీహార్‌లో బడి వేళ కాని వేళ విడిగా కూర్చోబెట్టి చెప్పారు, పిల్లలకు చదవడం వచ్చింది. 2012-13లో హర్యానాలో రోజూ ఒక గంట విడిగా కేటాయించి, 3 నుంచి 5 తరగతుల పిల్లలను తరగతి చూడకుండా చదివే స్థాయిని బట్టి కూర్చోబెట్టారు. ప్రభుత్వ టీచర్లే చెప్పారు, అక్కడా ఫలితం వచ్చింది.

కాబట్టి ముందు ఆ గంట సంపాదించండి. లేకపోతే మీ అమ్మాయిని టీచర్ లేని తరగతిలో కూర్చోబెడతారు, ఖాళీ దొరికితే రిజిస్టర్లు రాయిస్తారు.

విజయ్, డాలస్:
సార్, సాంకేతికతను అంత తేలిగ్గా తీసేయకండి. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ పాఠాల సెంటర్లకు బడి అయ్యాక వెళ్లిన పిల్లలకు నాలుగున్నర నెలల్లోనే లెక్కలు, హిందీ బాగా మెరుగయ్యాయి. 2019లో అచ్చయిన అధ్యయనం అది.

ఎస్‌జీటీ, ఖమ్మం జిల్లా:
నిజమే, మంచి ఫలితమే. అక్కడ ఏ పిల్లకు ఆ పిల్ల స్థాయి ప్రశ్నలు కంప్యూటర్ ఇచ్చింది, మాస్టారి కార్డులు చేసే పనీ అదే. పైగా సగం సమయం చిన్న గుంపులకు మనిషే పాఠం చెప్పారు. మీ టీవీ ఒక్కటి, పిల్లలు 38 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు, ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు. మూడో తరగతిలోనే చదవడం రాక వెనకబడిన పిల్లకు అప్పటికి చాలా ఆలస్యమైపోతుంది.

ఒక తల్లి, మిర్యాలగూడ:
మా బాబును టీవీ ఉందనే ప్రైవేటు బడిలో వేశాం. నాలుగో తరగతికొచ్చాడు, తెలుగు పేపర్ కూడబలుక్కుంటాడు. పక్కన కూర్చొని చదివించే మనిషి ఎక్కడుంటే అక్కడికి మార్చాలని ఉంది.

దేవరకొండ పూర్వ విద్యార్థి:
అందరికీ థాంక్స్. లెక్క వేశాను. నెలకు 6 వేల చొప్పున ఏడాదికి 10 నెలలు ఇస్తే మూడేళ్లకు లక్షా 80 వేలు. మిగిలిన 20 వేలు కార్డులకు, పుస్తకాలకు. రోజూ ఒక గంట వలంటీరుకే వదులుతామని, ఆ గంటలో వేరే పని చెప్పబోమని హెడ్మాస్టర్ గారు ఒప్పుకుంటేనే డబ్బు ఇస్తాం. మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికీ చెప్పి అనుమతి తీసుకుంటాం. మొదటి వారంలో అక్షరం, పదం, చిన్న పేరా, కథ చదివించి ఎవరు ఎక్కడున్నారో చూసి గుంపులు చేయిస్తాం.

విజయ్, డాలస్:
పిల్లలు తగ్గిపోతారన్న నా భయం ఇంకా పోలేదు అన్నా. ఒక పని చేయండి. ఆగస్టు 15న జెండా ఎగరేశాక, చదవడం వచ్చిన పిల్లల చేత ఊరందరి ముందు ఆ రోజు పేపర్ చదివించండి. ప్రైవేటుకు పంపుతున్న ఇళ్లవాళ్లను పేరుపేరునా పిలవండి. నా వాటా డబ్బులు ఈ వారమే పంపిస్తాను.