చేనులో 400 కేవీ కరెంటు టవర్: వకీలును ఇప్పుడే పెట్టుకోవాలా?

పత్తిచేను (పరకాల): మాకు రెండెకరాల పది గుంటలు, బాపు పేర పట్టా. సర్వే అయింది, చేను నడుమ టవర్‌కు ముగ్గు పోశారు. కాంట్రాక్టర్ మనిషి పంట నష్టం డబ్బులంటూ ఒక కాగితం తెచ్చాడు. సగం ఇంగ్లీషే. "అందరూ పెట్టిన్రు" అంటున్నాడు. బాపు సంతకం పెట్టేవాడే, నేను ఆపాను. తెలిసిన వకీలేమో స్టే తెస్తాడట, వచ్చే పరిహారంలో పావు వంతు అడుగుతున్నాడు. ఏం చేయమంటారు?

హనుమకొండ వకీలు: తమ్మీ, ముందు ఆ పావు వంతు ఆయనకు ఓ దండం పెట్టు. గెలిచిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. స్టే మీద కూడా ఆశ పెట్టుకోకు. 2003 విద్యుత్ చట్టం 164 సెక్షన్ ఉత్తర్వు ఉన్న సంస్థకు 1885 టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు వస్తాయి, అడ్డుపడితే 16(1) కింద కలెక్టర్ దగ్గరికి పోతారు. అందుకే మొదట ఆ ఉత్తర్వు కాపీ అడుగు. భూమి మీ పట్టాలోనే ఉంటుంది, వాళ్లకు వచ్చేది వాడుకునే హక్కే.

కొట్లాడాల్సింది పరిహారం మీద. చాలామంది టవర్ కాళ్ల జాగా ఒక్కటే లెక్కేస్తారు, తీగల కింది భూమిని మరిచిపోతారు. 400 కేవీ లైన్‌కు తీగల కింది ఆ పట్టీ, అంటే కారిడార్, 46 మీటర్ల వెడల్పు. మీ చేనుమీదుగా వంద మీటర్లు పోతే ఎకరం దాటినట్టే. కేంద్రం 2015లో టవర్ జాగాకు భూమి విలువలో 85 శాతం, కారిడార్‌కు 15 శాతం వరకు అంది. 2024 జూన్ మార్గదర్శకాల్లో అవి 200, 30 అయ్యాయి. మన దగ్గర ఏ ఉత్తర్వు నడుస్తోందో కలెక్టరేట్‌లో రాతపూర్వకంగా అడుగు. తక్కువిస్తే 16(3) కింద జిల్లా జడ్జి దగ్గర పిటిషన్ వేయొచ్చు. వకీలు అవసరం అక్కడే.

జమ్మికుంట అక్క: మా భూమి అమ్మ పేర ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగానే వకీలును ఇచ్చారు, ఆడవాళ్లకు ఆదాయం లెక్క లేదు. ఎస్సీ, ఎస్టీలకూ అంతే. మీ బాపుకైతే ఆదాయం చూస్తారు, అడిగి చూడండి. ఇంకో మాట: పంట, చెట్లు, బోరు అన్నీ ఇప్పుడే ఫొటోలు తీయండి. పంచనామాలో మా చింతచెట్లు రాయనే లేదు, ఫొటోలుంటేనే ఒప్పుకున్నారు.

పత్తిచేను: కాంట్రాక్టర్ మనిషి ఆ సంతకం కాగితం కాపీ ఇవ్వనన్నాడు, ఫోన్‌లో ఫొటో తీసుకున్నా. "పూర్తి, తుది పరిహారం ముట్టింది" అని ఉందట.

హనుమకొండ వకీలు: ఆ లైను కొట్టేయించు. పంట డబ్బులు తీసుకో, "పంట నష్టానికి మాత్రమే, అభ్యంతరంతో" అని బాపు చేత్తోనే తెలుగులో రాయించు. వద్దంటే సంతకమే వద్దు.