అమ్మానాన్నలు వస్తున్నారు, కోవిడ్ ఎవరికి ముదురుతుంది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఈ దేశానికి కొత్తగా వచ్చాం, ఇంకా ఏ డాక్టరు దగ్గరా పేరు రాయించుకోలేదు. అమ్మానాన్నలు వచ్చే నెల వస్తున్నారు. అమ్మకి 66, షుగరు, బీపీ. నాన్నకి 72, స్టెంట్ ఉంది. మా ఆవిడకి ఆరో నెల. వీళ్లలో ఎవరి విషయంలో ఎక్కువ జాగ్రత్త పడాలి?

జవాబు 1:
తమ్ముడూ, ముగ్గురి విషయంలోనూ. కాకపోతే ముగ్గురి ముప్పూ ఒక బరువుది కాదు. అన్నిటికన్నా పెద్దది వయసే. 50 దాటాక మొదలై పదేళ్లకో మెట్టు ఎక్కుతూ పోతుంది. షుగరున్న 35 ఏళ్లవాడి కంటే ఏ జబ్బూ లేని 75 ఏళ్లాయనకే ప్రమాదం ఎక్కువ. ఆ వయసు మీద షుగరు, గుండె, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బులు, సిరోసిస్ (కాలేయం పాడవడం), పక్షవాతం, ఊబకాయం, పొగతాగడం ఒక్కొక్కటీ వచ్చి చేరే కొద్దీ ముప్పు పెరుగుతుంది. ఊబకాయానికి గీత బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 30 అంటారు గానీ, దక్షిణాసియా వాళ్లకి 27.5 దగ్గరే జాగ్రత్త పడటం మంచిది.

గర్భిణికి ఊపిరితిత్తులు విచ్చుకునే చోటు తగ్గుతుంది, ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే గుణమూ ఎక్కువవుతుంది. నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం కూడా ఉంది. కాన్పయ్యాక ఆరు వారాల దాకా బాలింతనీ ఈ లెక్కలోనే ఉంచండి.

జవాబు 2:
అక్క చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. బీపీ ఒక్కటే ఉండి అదుపులో ఉంటే అంత కంగారు అక్కర్లేదు. అందరూ మరిచిపోయేది వేరే గుంపు: అవయవ మార్పిడి జరిగినవాళ్లు, రక్త క్యాన్సర్ ఉన్నవాళ్లు, కీళ్లవాతానికి రిటుక్సిమాబ్ ఇంజెక్షన్లో, చాలాకాలంగా స్టిరాయిడ్ మాత్రలో వాడేవాళ్లు. వీళ్లకి టీకా వేసినా యాంటీబాడీలు సరిగా పుట్టకపోవచ్చు. అందుకే చాలా దేశాల్లో వీళ్లకి అదనపు డోసులు ఇస్తారు, ఇంట్లో మిగతావాళ్లనీ వేయించుకోమంటారు.

జవాబు 3:
అసలు పని జ్వరం రాకముందే చేయాలండీ. కోవిడ్ ముదరకుండా ఇచ్చే పాక్స్‌లోవిడ్ మాత్రలు లక్షణాలు మొదలైన 5 రోజుల్లోపు మొదలుపెట్టాలి. ఈ ఊళ్లో డాక్టరే లేకపోతే ఆ 5 రోజులూ అపాయింట్‌మెంట్ వెతుక్కోవడానికే సరిపోతాయి. ముందే పేరు రాయించుకోండి. విజిటర్లకి ఆ మందు ఎవరిస్తారు, ఇన్సూరెన్స్ పాత జబ్బుల్ని కలుపుతుందా అనేవి వాళ్లు విమానం ఎక్కకముందే అడగండి.

ఒక కాగితం మీద ప్రతి మాత్రకీ జెనెరిక్ పేరు (లోపలున్న మందు పేరు), ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకి ఎన్నిసార్లు అని రాయించండి. బ్రాండ్ పేరు దేశం మారితే ఎవరికీ అర్థం కాదు. పాక్స్‌లోవిడ్‌లోని రిటోనావిర్ చాలా మందులతో పొసగదు. కొలెస్ట్రాల్ మాత్రల్లో సిమ్వాస్టాటిన్ తప్పనిసరిగా ఆపాలి, అటోర్వాస్టాటిన్‌ని సాధారణంగా ఆ కొద్దిరోజులు ఆపిస్తారు. బీపీ మాత్ర అమ్లోడిపిన్ ప్రభావం పెరిగి బీపీ మరీ పడిపోవచ్చు. నాన్నగారు రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వేసుకుంటుంటే దాని పని తగ్గుతుంది, స్టెంట్ కొత్తదైతే ఇది చిన్న విషయం కాదు. అలాంటిదే టికాగ్రెలార్ అయితే రక్తస్రావం భయం. వీటిలో ఏదీ మీరే ఆపేయకండి, నిర్ణయం డాక్టరుదే. పాక్స్‌లోవిడ్ కుదరకపోతే రెమ్‌డెసివిర్ ఉంది, మూడు రోజులు సెలైన్‌లో ఎక్కిస్తారు, 7 రోజుల్లోపు మొదలవ్వాలి.

కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ రిపోర్టు కూడా తెప్పించండి. పాక్స్‌లోవిడ్ మామూలు మోతాదు పూటకి మూడు మాత్రలు, రోజుకి రెండు పూటలు. ఈజీఎఫ్ఆర్ 30కీ 60కీ మధ్య ఉంటే పూటకి రెండే.

జవాబు 4:
ఆక్సిమీటరు కొనండి. ఒంట్లో బాగున్నప్పుడే ఎంత చూపిస్తుందో రాసి పెట్టుకోండి. వేలు చల్లగా ఉన్నా, గోళ్లరంగు ఉన్నా అంకె తప్పుతుంది. ఛాయ ముదురుగా ఉన్నవాళ్లకి ఉన్నదానికంటే ఎక్కువే చూపించవచ్చు. 94, 93 వస్తే ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయండి, 92కి దిగితే ఎమర్జెన్సీయే. ఆయాసం ఉంటే అంకె బాగానే ఉన్నా ఆగకండి.

పెట్టెలో డెక్సామెథాసోన్ అనే స్టిరాయిడ్ వేసుకొచ్చి మొదటిరోజే మింగించే అలవాటు మాత్రం వద్దు. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే ట్రయల్‌లో అది ఆక్సిజన్ అవసరమైనవాళ్లకే మేలు చేసింది. మీ అమ్మగారికైతే షుగరు కూడా ఎక్కడికో పోతుంది.

ఇంటి టెస్టు నెగటివ్ వస్తే 48 గంటలకి మళ్లీ చేయమంటారు. మీ ఇంట్లోవాళ్లకి రెండు రోజులు అలా వదులుకోవడం దండగ, వెంటనే ల్యాబులో చేసే పీసీఆర్ టెస్టు అడగండి. గొంతునొప్పి మొదలైన తేదీ రాసి పెట్టుకోండి. 5 రోజుల లెక్క ఆ రోజు నుంచి, పాజిటివ్ వచ్చిన రోజు నుంచి కాదు.