లంకమల ఎక్కితే కలివికోడి కనిపిస్తుందా?

కడప నుంచి ఒక తండ్రి:
బద్వేలు వెళ్లేటప్పుడల్లా లంకమల కొండలు చూపించి మా అమ్మాయి "కలివికోడి ఏ కొండ మీద ఉంటుంది నాన్నా?" అని అడుగుతోంది. మా నాన్నగారేమో ఇదంతా నల్లమలే అంటారు. పోయిన నెల సిద్దవటంలో బంధువుల ఇంట్లో పడుకుంటే రాత్రంతా ఏదో పిట్ట అరిచింది. అదేనా? సెలవుల్లో కొండ ఎక్కాలనుకుంటున్నాం. ఏ వైపు నుంచి ఎక్కాలి?

పెన్న ఒడ్డు:
మీ నాన్నగారి మాట కొట్టివేయలేం. కృష్ణ నుంచి పెన్న దాకా సాగే ఆ వరుసకు లంకమల ఆనుకునే ఉంది. పెన్న దాటి దక్షిణానికి వస్తే పాలకొండలు, ఆ తర్వాత శేషాచలం.

బద్వేలు మాస్టారు (విశ్రాంత):
అయ్యా, ఏ వైపు నుంచి ఎక్కినా కనిపించదు. అది కొండ మీద ఉండే పిట్ట కాదు. కొండ దిగాక ముళ్లపొదలు, మధ్యమధ్య బోడినేల ఉంటాయి చూడండి, మనం బీడు అని తీసిపారేసే నేల, అదే దాని ఇల్లు. ఎగరడం కంటే పరుగెత్తడమే దానికి ఇష్టం. చెదలు, చీమలు తింటుంది. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలుంటాయి. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మన జిల్లా రెడ్డిపల్లె దగ్గర దొరికింది. పట్టుకున్నది ఐతన్న అనే పిట్టల వేటగాడు, అదీ రాత్రి దీపం వెలుగులో. పెద్ద పక్షి శాస్త్రవేత్తలకు దొరకనిది ఆయనకు దొరికిందని పిల్లలకు చెప్పడం నాకు మహా ఇష్టం. దాని కోసమే ఇక్కడ అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు.

మీరు విన్నది తీతువు అయి ఉంటుంది. కలివికోడి పొద్దుగూకాక కాసేపు "క్విక్ కూ" అని ఊరుకుంటుంది, రాత్రంతా గోల చేయదు. అన్నట్టు, అనుమతి లేకుండా చీకట్లో అడవిలోకి వెళ్లకండి. ఎర్రచందనం దొంగలనుకుంటారు!

పెన్న ఒడ్డు:
ఆ పొదలన్నీ మేకలు మేసి పాడు చేస్తున్నాయి కదా మాస్టారూ?

బద్వేలు మాస్టారు:
మేకలను మరీ తిట్టకండి. కాస్త మేస్తేనే పొదల మధ్య ఖాళీ మిగులుతుంది. దట్టంగా అల్లుకుపోతే అది పరుగెత్తేదెక్కడ? యంత్రం పెట్టి పొదలన్నీ పెకలించి నిమ్మతోట వేస్తే మాత్రం ఇక రాదు.

కడప నుంచి ఒక తండ్రి:
కొండ ఎక్కడం మానుకున్నాం. కలివికోడి పేరులో ఉన్న ఆ కలివి పొద ఎలా ఉంటుందో చెప్పండి, అమ్మాయి పట్టుబడుతోంది.

బద్వేలు మాస్టారు:
ముళ్లుంటాయి, తెల్లటి పూలు, మాగితే నల్లటి పండ్లు. తుంచితే పాలు కారతాయి, చొక్కా జాగ్రత్త.