టెక్నాలజీ విధాన పరిశోధన ఉద్యోగాలకు తెలుగు తప్పనిసరి అర్హతగా ఉండాలా?

మణికొండ మజిలీ (చర్చ ప్రారంభం):

నగరంలోని ఒక విశ్వవిద్యాలయం తన టెక్నాలజీ విధాన కేంద్రానికి మనుషులు కావాలని ప్రకటన ఇచ్చింది. రెండేళ్ల కాంట్రాక్టు మీద ఇద్దరు పరిశోధకులు, వారానికి పదిహేను గంటలు పనిచేసే ఆరుగురు విద్యార్థి సహాయకులు కావాలట. పరిశోధకులకు న్యాయశాస్త్రంలోనో, కంప్యూటర్ సైన్సులోనో, సామాజిక శాస్త్రాలలోనో పీహెచ్‌డీ గానీ దానికి తగిన అనుభవం గానీ ఉండాలి. ఎవరు దరఖాస్తు చేసినా ఇంగ్లీషులో రాసిన రెండు పేజీల వ్యాసం జతచేయాలి. నాలుగు పేజీల ఆ ప్రకటనలో తెలుగు, ఉర్దూ అన్న మాటలు ఎక్కడా లేవు. "స్థానిక భాష" అన్న మాట ఒక్కచోట ఉంది, అదీ విద్యార్థి సహాయకుల విధుల్లో, ఫొటోకాపీల తరువాత, చిట్టచివరన.

తెలంగాణలో ప్రభుత్వ టెక్నాలజీ జనం మీద ఎలా పనిచేస్తోందో తేల్చడానికి జీతమిచ్చి తీసుకునే మనిషికి తెలుగు వినడం, చదవడం వచ్చి ఉండాలని షరతు పెట్టడం తప్పా? నా మటుకు నాకు అది కనీస అర్హత. ఎందుకో చెబుతాను.

మూడేళ్ల కిందట ఇలాంటి మరో కేంద్రంలో నేను విద్యార్థి సహాయకురాలిని. పింఛన్ల పంపిణీలో వేలిముద్రల యంత్రం వల్ల ఎవరికి ఇబ్బంది కలుగుతోందన్నది మా అంశం. వికారాబాద్ జిల్లాలో ఒక ముసలమ్మ చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "రెండు నెల్ల సంది పింఛన్ బందైంది బిడ్డా. ఏలిముద్రలు పడ్తలేవంటున్రు." బందవడమంటే మన దగ్గర ఆగడమూ కావచ్చు, రద్దవడమూ కావచ్చు. రెండో వాక్యం వింటే గానీ ఇది ఆగడమేనని, ఆమె పేరు జాబితాలోనే ఉందని తెలియదు. నేను అనువదించిన కాగితంలో రెండు వాక్యాలూ ఉన్నాయి. పైనున్న పరిశోధకుడు మొదటిదాన్ని మాత్రం పట్టికలోకి ఎక్కించి "రద్దు" గడిలో వేశారు. అలాంటివి మొత్తం పదకొండు. ముసాయిదా చూసిన అధికారి తన దగ్గరున్న జాబితా తెరిచి, పదకొండు పేర్లూ చూపించి, "ఇవేవీ రద్దు కాలేదే" అన్నారు. అంతటితో ఆ సమావేశం అయిపోయింది. వేలిముద్ర పడక రెండేసి నెలలు తిరిగి వెళ్లిపోయిన వారి సంగతి ఆ గదిలో చర్చకే రాలేదు. ఆ రికార్డింగులు మా సహాయకులకు తప్ప ఇంకెవరికీ అర్థం కావు. బయటికి పంపేముందు ముసాయిదాను మాకు ఒకసారి చూపించాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

తార్నాక వాసి:

మణికొండ మజిలీ గారూ, మీరు చెప్పిన తప్పు నిజంగా పెద్దదే, కానీ దానికి మీరు చెబుతున్న మందు సరైనది కాదు. ఎంపిక కమిటీలలో కూర్చున్నవాడిగా ఒక సంగతి చెప్పాలి. విశ్వవిద్యాలయ ప్రకటనలో ఏ షరతైనా "తప్పనిసరి అర్హత" కింద ఎక్కిందంటే, అది లేని దరఖాస్తు స్క్రూటినీ (తొలి వడపోత) దగ్గరే పక్కకు పోతుంది. కమిటీ ముందుకే రాదు కాబట్టి, ఎంత గొప్ప అభ్యర్థి అయినా మేము చేయగలిగింది ఉండదు. కటక్ నుంచో ఇంఫాల్ నుంచో దరఖాస్తు పెట్టిన ఎన్‌క్రిప్షన్ నిపుణురాలిని అలా పోగొట్టుకోవడానికి నేను సిద్ధంగా లేను. "అభిలషణీయ అర్హత" అని రాయండి, నాకు అభ్యంతరం లేదు.

ఈ రంగంలో హైదరాబాదు పేరు బయటి ప్రపంచానికి వినిపించిన సందర్భం ఒకటి గుర్తుచేస్తాను. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో సమాచార సాంకేతిక విధాన కేంద్రాన్ని నెలకొల్పిన ఎడ్ ఫెల్టెన్, 2006లో ఇద్దరు పరిశోధక విద్యార్థులతో కలిసి డీబోల్డ్ కంపెనీ ఓటింగ్ యంత్రాన్ని విప్పి చూసి, ఓట్లను తారుమారు చేసే ప్రోగ్రామును అందులోకి ఎక్కించవచ్చని చూపించారు. ఆ ఇద్దరిలో ఒకరైన అలెక్స్ హాల్డర్‌మన్, 2010లో మన హైదరాబాదు ఇంజనీరు హరిప్రసాద్‌తోనూ నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గాంగ్రైప్‌తోనూ కలిసి భారతీయ ఈవీఎంను పరీక్షించారు. ఎన్నికల సంఘం వారి వాదనను ఒప్పుకోలేదు. ఆ ఏడాది ఆగస్టులో హరిప్రసాద్‌ను ఇక్కడే ఆయన ఇంట్లో అరెస్టు చేశారు. ఓటరుకు కాగితపు చీటీ చూపించే వీవీప్యాట్ మన ఎన్నికల్లోకి 2013లో వచ్చింది. ఆ పరిశోధన గురించి ఎవరు ఏమనుకున్నా, హాల్డర్‌మన్‌కు తెలుగు వచ్చా అని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ పనికి సర్క్యూటు చదవడం వస్తే చాలింది.

సైబర్ టవర్స్ నీడ:

ఇంత చర్చ అవసరమా అనిపిస్తోంది. మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్, అనువదించే సాఫ్ట్‌వేర్ రెండూ ఉన్నాయి. టెక్నాలజీ విధానం మీద పనిచేసే కేంద్రమే టెక్నాలజీని వాడుకోకుండా అనువాదకులను వెతుక్కోవడం విచిత్రంగా ఉంది.

ఆర్ట్స్ కాలేజీ మెట్లు:

సర్, మీరు చెప్పిన సాఫ్ట్‌వేర్‌తో నేను రెండు నెలలు పనిచేశాను. "ఏలిముద్రలు పడ్తలేవు" అన్న మాటను అది "వేలిముద్రలు పడితే లేవు" అని రాసింది. దాన్ని అనువదించమంటే ఏం వస్తుందో మీరే ఊహించుకోవచ్చు. పత్రికల భాష, వార్తల భాష బాగానే పడతాయి. పరిగిలోనో అచ్చంపేటలోనో ఎండలో రేషన్ షాపు ముందు నిలబడి మాట్లాడే మనిషి భాష వచ్చేసరికి, ప్రతి వాక్యం మళ్లీ చెవికి ఫోను ఆనించుకుని వినాల్సిందే.

ఈ ప్రకటనకు నేను కూడా దరఖాస్తు చేద్దామనుకుంటున్నాను కాబట్టి, ఎవరూ ఎత్తని డబ్బు సంగతి నేను ఎత్తుతాను. పరిశోధక విద్యార్థులకు యూజీసీ ఇచ్చే ఫెలోషిప్పు, జేఆర్ఎఫ్, 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలైంది, అది చాలా మంచి మాట. కానీ విద్యార్థి సహాయకుడికి ఇచ్చేది గంటల లెక్క. కిందటిసారి నేను పనిచేసిన చోట ఒక గంట రికార్డింగుకు ఒక గంట భత్యమే ఇచ్చారు. అక్షరం పొల్లుపోకుండా దాన్ని రాసి, అనువదించడానికి నాకు ఆరు గంటలు పట్టేది. మిగిలిన ఐదు గంటలూ హాస్టల్ గదిలో రాత్రిపూట నావి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాణ్ని. నాకు వచ్చిన భాష ఆ కేంద్రానికి రోజూ కావాలి, కానీ ఆ భాష నా దరఖాస్తులో ఏ గడిలోనూ పట్టదు. రెండు పేజీల ఇంగ్లీషు వ్యాసం దగ్గర మాత్రం నా మార్కులు పోతాయి.

తెలుగు తప్పనిసరి చేయాలా వద్దా అన్నది పెద్దలు తేల్చండి. పట్టిన గంటలన్నిటికీ డబ్బు ఇవ్వాలన్నది మాత్రం తప్పనిసరి చేయండి.

షాలిబండ:

తెలుగు, తెలుగు అంటున్నారు గానీ, ఈ నగరంలో ఆ ఒక్క భాషనే అర్హతగా పెడితే, పాతబస్తీలో ఉర్దూ మీడియంలో చదివి న్యాయశాస్త్రం దాకా వచ్చిన అమ్మాయి ఇంకో తలుపు దగ్గర ఆగిపోతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైనప్పుడు బోధన ఉర్దూలోనే సాగింది. అంతకుముందు ఏడాదే దారుల్ తర్జుమా పేరుతో అనువాద సంస్థను పెట్టి, సైన్సు పుస్తకాలతో సహా ఉర్దూలోకి తెప్పించారు. అనువాదాన్ని ఫొటోకాపీల పక్కన రాసే అలవాటు అప్పట్లో ఉన్నట్లు లేదు.

విషయానికి వస్తాను. ఈ నగరంలో టెక్నాలజీ విధానం మీద నడిచిన పెద్ద వివాదాల్లో కొన్ని ఉర్దూ మాట్లాడే ఇళ్లలోంచే వచ్చాయి. 2021 మే లాక్‌డౌన్‌లో పోలీసులు దారిలో ఆపి, మాస్కు తీయమని, తీయకపోయినా ఫొటో తీసుకున్నారని చెబుతూ ఎస్.క్యూ. మసూద్ ముఖాన్ని గుర్తించే టెక్నాలజీ మీద తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. ఇక సమగ్ర వేదిక సంగతి. ప్రభుత్వ శాఖల జాబితాలన్నీ కలిపి, ఎవరు పేదలో ఎవరు కాదో లెక్క తేల్చే వ్యవస్థ అది. రిక్షా తొక్కిన మనిషిని, పేరు దగ్గరగా ఉన్న ఇంకొకరి కారుకు యజమానిగా అది లెక్కగట్టింది, ఆ ఇంటికి ఆహార భద్రత కార్డు లేకుండా పోయింది. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఉర్దూ పేర్లు తెలుగులోకి, తెలుగులోంచి ఇంగ్లీషులోకి వచ్చేటప్పుడు ఎన్ని రూపాలు ఎత్తుతాయో మా ఇంట్లో ఉన్న కార్డులే చెబుతాయి. మా నాన్నగారి పేరు మూడు కార్డుల్లో మూడు రకాలుగా ఉంది. రెండు పేర్లు ఒకరివేనా కాదా అని యంత్రం ఎలా నిర్ణయిస్తోందో పరిశీలించే మనిషికి ఈ సంగతి తెలియకపోతే, తార్నాక వాసి గారూ, ఆయన సర్క్యూటు ఎంత బాగా చదివినా ఏం లాభం?

మణికొండ మజిలీ:

షాలిబండ గారి అభ్యంతరం న్యాయమైనది. నా షరతును "తెలుగు గానీ ఉర్దూ గానీ" అని సవరించుకుంటున్నాను.

తార్నాక వాసి గారూ, మీ ఈవీఎం ఉదాహరణ గొప్పది, కానీ అది యంత్రం ముందు పెట్టుకుని చేసిన పరిశోధన. ఇక్కడి కేంద్రాలకు ఎక్కువగా వచ్చే పని అలాంటిది కాదు. రాష్ట్ర ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ ధరణినే తీసుకోండి. 2020 అక్టోబర్ 29న మొదలైంది, 2025లో దాని స్థానంలోకి భూభారతి వచ్చింది. ఆ మధ్యకాలంలో రైతులు పడ్డ ఇబ్బందిలో చాలా భాగం ఒక కాలమ్ దగ్గర ఉంది. పాత పహాణీలో భూమి ఎవరి పేరున ఉందో ఒక చోట, ఎవరు సాగు చేస్తున్నారో ఇంకో చోట రాసేవారు. ధరణిలో ఆ అనుభవదారు కాలమ్ లేకుండా పోయింది. తెల్లకాగితం మీద సాదాబైనామా రాసుకుని భూమి కొని, ఏళ్ల తరబడి దున్నుకుంటున్న రైతు స్క్రీను మీద ఎక్కడా కనిపించలేదు. పోర్టల్ తయారుచేసిన తీరు మీద పరిశోధన చేయాలంటే ముందు పహాణీ చదవడం రావాలి. లేని కాలమ్‌ను కోడ్‌లో వెతికి పట్టుకోలేం.

ఇంకొకటి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, మన సమాచారం తీసుకునేవారు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు, ఉర్దూ రెండూ ఆ షెడ్యూలులో ఉన్నాయి. అంటే తెలుగు నోటీసు చదివిన మనిషికి తాను దేనికి ఒప్పుకుంటున్నదీ నిజంగా తెలిసిందా లేదా అన్నది ఇకమీదట చట్టం అమలుకు సంబంధించిన ప్రశ్న. "సమ్మతి" అని రాస్తే సంతకం పెట్టే మనిషి, "మీ వివరాలు ఇంకొకరికి ఇవ్వడానికి ఒప్పుకుంటున్నారు" అని రాస్తే ఒక్క క్షణం ఆగుతాడా? ఇంతకంటే అచ్చమైన టెక్నాలజీ విధాన పరిశోధన నాకు తెలియదు. దీన్ని ఏ సాంకేతిక నిపుణుడూ అనువాదకుల భుజం మీదుగా చూస్తూ చేయలేడు.

అయితే మీరు చెప్పిన స్క్రూటినీ సంగతి నాకు ఇంతవరకు తెలియదు. ఎన్‌క్రిప్షన్ నిపుణురాలిని పోగొట్టుకోవాలని నాకూ లేదు. కాబట్టి షరతును ఒక్కొక్కరికి కాకుండా మొత్తం బృందానికి పెడదాం. ఆ కేంద్రానికి లేఖ రాద్దామనుకుంటున్నాను. వాక్యాలు ఇవి: "ఎంపికయ్యే ఇద్దరు పరిశోధకుల్లో కనీసం ఒకరికి తెలుగు గానీ ఉర్దూ గానీ వినడం, చదవడం వచ్చి ఉండాలి. రికార్డింగులను రాసి అనువదించే విద్యార్థులకు ఆ పనికి పట్టిన గంటలన్నిటికీ భత్యం ఇవ్వాలి. ముసాయిదా బయటికి వెళ్లేముందు వారు దాన్ని మూలంతో పోల్చి చూడాలి, నివేదికలో వారి పేర్లు ఉండాలి."

తార్నాక వాసి:

రెండో వాక్యం, మూడో వాక్యం మీద ఇప్పుడే సంతకం చేస్తాను. మూడోది అమలై ఉంటే మీ పదకొండు పేర్ల ముచ్చట అసలు జరిగేదే కాదు, అది గమనించండి. మీకు జరిగిన తప్పుకు అసలు మందు అదే.

మొదటి వాక్యం దగ్గర ఆగుతున్నాను. ఉన్నవి రెండే ఉద్యోగాలు. ఇద్దరిలో ఒకరికి అంటే ఒక ఉద్యోగానికి తప్పనిసరి చేసినట్లే, దొడ్డిదారిన. ధరణి గురించి మీరు చెప్పింది నా నోరు మూయించింది, ఒప్పుకుంటాను. అయినా ఆ పనికి వచ్చేవారిని ఇంటర్వ్యూలో గుర్తుపట్టాలి గానీ, అర్హతల గడిలో కాదు.

షాలిబండ:

ఇంటర్వ్యూలోనే అంటే, అలాగే చేయమనండి. సర్టిఫికెట్ అడగవద్దు. ఐదు నిమిషాల క్షేత్ర రికార్డింగు వినిపించి, అందులో మనిషి ఏం చెబుతున్నాడో, ఏం చెప్పకుండా వదిలేశాడో రాయమనండి. భాష రానివారు విద్యార్థి సహాయకుడిని పక్కన కూర్చోబెట్టుకుని రాయవచ్చు. ఆ ఇద్దరూ కలిసి ఎలా పనిచేస్తారో కూడా కమిటీకి అక్కడే తెలుస్తుంది.

ఆర్ట్స్ కాలేజీ మెట్లు:

అలా పక్కన కూర్చున్నందుకు కూడా గంట లెక్కవేయమని రాయండి మేడమ్.

మణికొండ మజిలీ:

రాస్తాను. షాలిబండ గారి రికార్డింగు పరీక్షను మొదటి వాక్యం కింద చేరుస్తున్నాను, వాక్యాన్ని మాత్రం తీయడం లేదు. తార్నాక వాసి గారి అభ్యంతరాన్ని ఆయన మాటల్లోనే లేఖ చివర పెడతాను. దరఖాస్తులకు ఇంకా పన్నెండు రోజుల గడువు ఉంది కాబట్టి, సంతకం చేసేవారు ఈ శుక్రవారం లోపల చెప్పండి.