అప్‌డేట్: టారో ప్యాచ్‌లో గరగర, మెక్సికన్ వాటా

గిటార్‌ని టారో ప్యాచ్‌కి (తీగలు వదులు చేసి వాయించే హవాయి పద్ధతి స్లాక్-కీలో ఒక శ్రుతి) దించితే మందపు తీగ గరగరమంటోందనీ, ఆ స్లాక్-కీలో మెక్సికన్ల వాటా ఎంతనీ ఇంతకుముందు అడిగాను కదా, రెండూ తేలాయి.

మార్చాల్సినవి మూడే: ఆరో తీగ ఇ స్వరం నుంచి డికి, ఐదోది ఎ నుంచి జికి, ఒకటోది ఇ నుంచి డికి. కాస్త ఎక్కువే దించి, మళ్ళీ పైకి తెచ్చి ఆపాలి. పైనుంచి దించి వదిలేస్తే శ్రుతి జారుతుంది. బిగువు తగ్గి మెడ చదునవడమే గరగరకు కారణం. 12 మందం తీగల సెట్‌కి బదులు కాస్త లావైన 13 సెట్ వేసి, ట్రస్ రాడ్ (మెడ లోపలి కడ్డీ) పావు చుట్టు వదులు చేస్తే పోయింది.

1830ల్లో పశువుల పని నేర్పడానికి వచ్చిన మెక్సికన్ వకేరోలతో (పశువుల కాపర్లతో) గిటార్ హవాయిలో పాతుకుంది. మిషనరీల కీర్తనల హార్మనీ కూడా కలిసింది. ఇన్ని రకాల శ్రుతులు అల్లుకున్నది మాత్రం హవాయివాళ్ళే. (ఉకులేలే అనే చిన్న నాలుగు తీగల వాద్యానిది వేరే కథ, అది 1879లో వచ్చిన పోర్చుగీసువాళ్ళ చలవ.)